ఎముకల్లేని బొమ్మలు

కాగితంమీద గీసిన బొమ్మ కదిలితే మనిషికి ఎందుకంత సంబరమో నాకిప్పటికీ సరిగ్గా బోధపడదు. నిజం ఎలక వంటింట్లో అటునుంచి ఇటు పరుగెత్తిందనుకోండి, ఇల్లాలు స్టూలెక్కి కేకలు వేస్తుంది. ఇంటాయన చీపురుకట్ట వెతుక్కుంటాడు. అదే ఎలక తెరమీద నాలుగు నల్లగీతలై, పొట్టిలాగు తొడుక్కుని, ఈల వేసుకుంటూ పడవ చుక్కాని తిప్పితే ఆ ఇల్లాలూ ఆ ఇంటాయనా పక్కపక్కన కూర్చుని చూస్తారు. పొయ్యిమీద పాలు పొంగినా లేవరు.

ఇదంతా రంగుల మహిమ అందామా అంటే, నేను చెప్పబోయే బొమ్మలకి రంగులే లేవు. నలుపూ, తెలుపూ, రెంటికీ మధ్య కాస్త బూడిద. వాటిలో చాలావాటికి మాటలు కూడా లేవు. కథంటారా, చెప్పుకోదగ్గది వుండదు. ఇంచుమించు నూరేళ్ళ కిందటి సరుకు. అయినా పోయిన సంక్రాంతికి ముందు మూడు నెలలపాటు, రాత్రి భోజనాలయ్యాక, అమీర్‌పేటలో మా ఇంట్లో అవే ఆడాయి. అవి మాకు ఎందుకు నచ్చాయో, ఎక్కడ గొంతుకి అడ్డంపడ్డాయో, దానివల్ల మా ఇంట్లో ఏం జరిగిందో చెబుతాను.

నేను ముప్ఫైనాలుగేళ్ళు డ్రాయింగు మాష్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. డ్రాయింగు మాష్టరంటే బళ్ళో అందరికీ లోకువే. లెక్కల మాష్టారికి పాఠం మిగిలిపోతే మా పీరియడే అరువు పుచ్చుకుంటాడు. ఆ అరువు తిరిగి రావడం నేనెరగను. అల్లా పోగా మిగిలిన పీరియళ్ళలో పిల్లలకి నేను నేర్పిన విద్య ఒకటుంది. నోటుపుస్తకం చివరి పేజీలో, కుడిచేతి మూల, ఓ చిన్న మనిషిని గీయమనేవాణ్ణి. దాని ముందు పేజీలో, సరిగ్గా అదే చోట, కాలు వెంట్రుకవాసి జరిపి మళ్ళీ గీయాలి. అల్లా ముప్ఫై పేజీలు. తరవాత పుస్తకం అంచుని బొటనవేలితో వంచి టపటపా వదిలితే మనిషి నడుస్తాడు. అతను నడిచిన మొదటి క్షణంలో ఆ కుర్రవాడి మొహం చూడాలండీ! నూటికి నూరు వచ్చినవాడి మొహంలో కూడా ఆ వెలుగు నేను చూడలేదు.

సినిమావాళ్ళు చేసిందీ ఈ నోటుపుస్తకం విద్యే. కాకపోతే ముప్ఫై పేజీలతో తెమిలేది కాదు. తెరమీద సెకనుకి 24 ఫ్రేములు నడుస్తాయి. ఒక్కొక్క బొమ్మని రెండేసి ఫ్రేములు నిలబెట్టి సరిపెట్టుకున్నా సెకనుకి 12 బొమ్మలు కావాలి. ఏడు నిమిషాల సినిమాకి 5,040 బొమ్మలు. ఇది ఒక్క పాత్రకి లెక్క. ఇంకో పాత్ర వచ్చి పక్కన నిలబడిందంటే దాని లెక్క మళ్ళీ వేరే. వీటన్నిటినీ మనుషులు చేత్తో గీశారన్న సంగతి తలుచుకుంటే నాకు వేళ్ళు నొప్పెడతాయి.

ఇదంతా మా ఇంట్లోకి రావడానికి కారణం మా చెల్లెలి మనవరాలు. తెనాలినుంచి మా ఇంటికి వచ్చింది, అమీర్‌పేటలో కోర్సు చదవడానికి. మా అమీర్‌పేట సంగతి మీకు తెలియనిది కాదు. మైత్రీవనం ముందు అయిదు నిమిషాలు నిలబడితే చేతిలో పది కరపత్రాలు పడతాయి. భవనాల గోడలు ఏ రంగో ఎవరికీ తెలియదు, బోర్డులే గోడలు. నా నెరిసిన జుట్టు చూసి కూడా ఓ కుర్రాడు కాగితం చేతిలో పెట్టి, ‘డెమో క్లాసు ఫ్రీ అంకుల్’ అన్నాడు. రెండు రాష్ట్రాలనుంచీ పిల్లలొచ్చి, హాస్టలు గదిలో మంచం ఒకటి అద్దెకి తీసుకుని, జిరాక్సు నోట్సు చదువుకుని, ఉద్యోగాలకి పోతూంటారు. మా మేనల్లుడు కూతుర్ని పంపింది అటువంటి కంప్యూటరు కోర్సుకే. ఈ పిల్ల రెండు బోర్డుల అవతల వున్న యానిమేషన్ క్లాసులో చేరి, ఆ తరవాత తండ్రికి ఫోను చేసింది.

అతను కోప్పడలేదు. వాడి స్వభావం అది కాదు. తెనాలిలో చిన్న ఉద్యోగం. పదేళ్ళ క్రితం స్కూటరుమీంచి పడి కుడి తుంటి దెబ్బతింది, అప్పణ్ణించీ చేతికర్ర లేకుండా నడవలేడు. ఇంటికి పెద్దకూతురు ఇది. ‘సంక్రాంతిదాకా చూద్దాం, మామయ్యా. అప్పటికి ఏదో ఓ నిమిషం సినిమా తీయాలిట కదా. అది తేలిందా సరే. లేకపోతే బుద్ధిగా కంప్యూటరు క్లాసుకి పోవాలి. రెండేసి ఫీజులు నేను కట్టలేను,’ అన్నాడు. ఇందులో తప్పు పట్టవలసింది నాకేమీ కనపడలేదు.

క్లాసులో మొదటిపాఠంగా పాత నలుపు తెలుపు బొమ్మల సినిమాలు చూసి రమ్మన్నారుట. దాంతో మాకు రాత్రి ఆట మొదలయింది. లాప్‌టాప్ భోజనాల బల్లమీద, మేం ముగ్గురం దాని ముందు.

మొట్టమొదట చూసింది ‘స్టీంబోట్ విల్లీ’. 1928 నవంబరు 18న న్యూయార్కులో కాలనీ థియేటర్లో విడుదలైంది. మిక్కీ మౌస్ అంటే లోకమంతా ఎరిగిన ఎలక. కాని ఇందులో మిక్కీకి చేతికి తొడుగులు లేవు, కళ్ళు రెండు నల్లచుక్కలు, ఒళ్ళంతా గాజుపుల్లకి మసి పూసినట్టుంటుంది. అంతకుముందు తీసిన రెండు మిక్కీ సినిమాలు మూగవి. ఇది శబ్దంతో వచ్చింది. బొమ్మ అడుగు వేసిన క్షణానే తాళం పడుతుంది. ఆ తాళంకోసమే జనం విరగబడ్డారు. అమెరికాలో దీనిమీద హక్కులు 2024 జనవరి 1తో తీరిపోయాయనీ, ఆ పాత ఎలకని ఇప్పుడక్కడ ఎవరైనా వాడుకోవచ్చుననీ మా పిల్ల చెప్పింది. ‘తొంభైఅయిదేళ్ళు అద్దె వసూలు చేశారన్నమాట!’ అంది మా ఆవిడ.

ఫెలిక్స్ అనే నల్లపిల్లి ఇంకా పాతది, 1919నాటిది. దాని తోకని చూసి నేను ముగ్ధుణ్ణయిపోయాను. అవసరమైతే ఆ తోక కొక్కెం అవుతుంది, తెడ్డు అవుతుంది, ఏమీ తోచకపోతే వూడి గాలిలో ప్రశ్నార్థకమై నిలబడుతుంది. గీతకి నిజంగా వున్న స్వేచ్ఛ అది. ఫొటోకి ఆ స్వేచ్ఛ లేదు, నాటకానికి లేదు, ముప్ఫైనాలుగేళ్ళు బళ్ళో గులాబీపువ్వూ, కూజా గీయించే మాష్టరుకి అసలే లేదు. నల్లసిరా ముద్ద ఒకటి తెల్లకాగితంమీద తన ఇష్టం వచ్చినట్టు బతుకుతోంది. నలుపు ఎందుకంటే, ఒంటినిండా నలుపు పులిమేస్తే పని తేలిక, తెల్లటి తెరమీద దూరానికి కూడా రూపం తెలుస్తుంది. మిక్కీకి 1929లో తెల్ల తొడుగులు రావడం కూడా ఇందుకేనంటారు. నల్లటి చెయ్యి నల్లటి పొట్టమీదకి వస్తే చెయ్యేదో పొట్టేదో తెలియకపోయేది.

ఇంగ్లీషు రాని మా ఆవిడకి ఒక్క ముక్క విడమరచి చెప్పవలసిన పని లేకపోయింది. నాకంటే ముందే నవ్వేది. మాటలు లేకపోవడం లోపమని పుస్తకాల్లో రాస్తారు గాని, మా ఇంట్లో అది వరమే అయింది.

రంగు లేకపోవడాన్ని కూడా నేను లోపమనను. మేం 1980 ప్రాంతాల్లో కొన్న ఇ.సి. టీవీ, మన హైదరాబాదు ఇ.సి.ఐ.ఎల్. వాళ్ళు చేసినది, ఏం వేసినా నలుపు తెలుపుల్లోనే చూపించేది. ‘ఏక్ అనేక్ ఔర్ ఏక్తా’ అని ఫిలింస్ డివిజన్‌వారిది 1974నాటి చిన్న బొమ్మల సినిమా ఒకటి దూరదర్శన్‌లో వచ్చేది, గుర్తుందా? పిట్టలన్నీ కలిసి వలతో సహా ఎగిరిపోతాయి. మా టీవీలో ఆ పిట్టలన్నీ బూడిదరంగే. అయినా వీధిలో పిల్లలందరూ మా వరండాలో చేరి ఆ బూడిద పిట్టలతోపాటు చేతులాడించేవారు. ‘మాయాబజార్’ 1957లో నలుపు తెలుపుల్లో వచ్చింది. 2010లో రంగులు అద్ది మళ్ళీ విడుదల చేశారు. ఆ రంగులద్దింది హైదరాబాదు సంస్థే. చూసివచ్చి మా ఆవిడ, ‘బాగానే వుంది గాని, వెన్నెల పోయింది,’ అంది. మార్కస్ బార్ట్‌లీ పట్టిన వెన్నెలమీద అంతకంటే మంచి విమర్శ నేను చదవలేదు.

అసలు లోపాలు వేరే వున్నాయి. వారంరోజులు వరసగా చూస్తే తెలుస్తుంది. చేసిందే చేస్తారు. 1929లో వచ్చిన ‘స్కెలిటన్ డాన్స్’లో నాలుగు అస్థిపంజరాలు శ్మశానంలో గంతులు వేస్తాయి. మొదటి రెండు నిమిషాలూ అబ్బో అనిపిస్తుంది. తరవాత చూస్తే అదే గంతు, అవే గీతలు, తిరగలి తిరిగినట్టు. ఓసారి గీసిన కొన్ని బొమ్మల్ని పదిసార్లు తిప్పి ఫొటో తీస్తే పని కలిసివస్తుంది మరి. ఆ సినిమా ఇంచుమించు అంతా అబ్ ఐవర్క్స్ అనే ఒక్కడే గీశాడు కాబట్టి మనం క్షమించవచ్చు. కథలంటారా, ఒకడు వస్తాడు, వాయిస్తాడు, ఎవడో తరుముతాడు, అయిపోతుంది. వేషం మార్చి మర్నాడు మళ్ళీ వస్తాడు.

వీటిని కూడా సరిపెట్టుకోవచ్చు. సరిపెట్టుకోలేనిది మా ఆవిడ కనిపెట్టింది.

‘స్టీంబోట్ విల్లీ’ని పిల్ల రెండోసారి వేసింది, నడకలు చూడ్డానికి. అందులో మిక్కీ పడవలో వున్న జంతువుల్నన్నిటినీ వాయిద్యాలు చేస్తాడు. పిల్లి తోక లాగి అరిపిస్తాడు, దాన్ని గిరగిరా తిప్పుతాడు. బాతుని నొక్కుతాడు. ఆవు పళ్ళమీద దరువు వేస్తాడు. పంది పాలిస్తూంటే పిల్లల తోకలు లాగి కీచుమనిపిస్తాడు. ఆపైన పిల్లల్ని తన్నేసి తల్లి చన్నులమీద హార్మోనియం వాయించినట్టు వాయిస్తాడు. మొదటిసారి చూసినప్పుడు తాళం మహిమలో పడి ఇవన్నీ కొట్టుకుపోయాయి. రెండోసారి మా ఆవిడ లేచి నిలబడింది.

‘ఆపవే! పాలిచ్చే తల్లిని తన్నడమేమిటి? అదో నవ్వా?’

‘అబ్బ, బొమ్మలే కదా మామ్మా! వాటికి నొప్పి పుట్టదు. చూడూ, చేతులు రబ్బరు గొట్టాల్లా సాగుతున్నాయి. వాటికి ఎముకల్లేవు,’ అంది పిల్ల.

‘ఎముకల్లేకపోతే లేకపోయాయి. నవ్వేది మనం కదుటే? మనకున్నాయిగా!’

నాకు పాఠాలు చెప్పడం వృత్తే అయినా, ఆ రాత్రి కలగజేసుకోలేదు. మా పిల్ల అన్నమాట యథాలాపంగా అన్నదైనా శాస్త్రమే. ఆ రోజుల చిత్రకారులు చేతులకీ కాళ్ళకీ మోచెయ్యి, మోకాలు అంటూ గీయకుండా గొట్టంలా వంపు తిప్పేవారు. దానికి రబ్బరు గొట్టం పద్ధతి అనే పేరు. గీయడానికి సులువు, చూడ్డానికి హాయి. బండి కిందపడ్డా అప్పడంలా లేస్తారు. ఆ హాయిలోనే వుంది చిక్కు. బరువు లేనివాడికి దెబ్బ లేదు. దెబ్బ లేనివాణ్ణి ఎంత కొట్టినా పాపం లేదు. అల్లా అలవాటైన చెయ్యి జంతువులతో ఆగదు. ఆ కాలపు బొమ్మల్లో నల్లజాతివారిని గీసిన తీరు చూస్తే నవ్వు రాదు, సిగ్గేస్తుంది. తెల్లవాళ్ళు మొహానికి మసి పూసుకుని నల్లవాళ్ళని వెక్కిరిస్తూ వేసే నాటకాలు అక్కడ వుండేవి. 1930లో వచ్చిన బాస్కో అనే బొమ్మ ఆ వెక్కిరింతలోంచి పుట్టినదే. అమెరికావాళ్ళ సంగతి మనకెందుకంటారా? మన సినిమాల్లో నత్తివాణ్ణీ, గూనివాణ్ణీ, లావుపాటి ఆడమనిషినీ నవ్వులకోసం ఎన్నేళ్ళు వాడుకున్నాం?

పాతకాలంలో అందరూ అంతే అనడానికి కూడా వీల్లేదు. ‘స్టీంబోట్ విల్లీ’కి పధ్నాలుగేళ్ళ ముందే, 1914లో, విన్సర్ మెకే అనే ఆయన గెర్టీ అనే రాక్షసిబల్లిని గీశాడు. మర్నాడు పిల్ల అది వేసింది. అప్పటికింకా పారదర్శకపు కాగితాలమీద పాత్రని వేరుగా గీసి, వెనక దృశ్యంమీద పరిచే పద్ధతి వాడుకలోకి రాలేదు. అంచేత ప్రతి కాగితంమీదా గెర్టీతోపాటు కొండా, చెట్టూ, చెరువూ మళ్ళీ మళ్ళీ గీయవలసిందే. వెనక దృశ్యాలు గీయడానికి ఓ కుర్రవాణ్ణి సాయం పెట్టుకున్నాడు. వేల కాగితాలు. గీతలు కాస్త వణుకుతూంటాయి కూడా. కాని ఆ గెర్టీ నిలబడి వూరికే వున్నప్పుడు చూడండి, డొక్కలు ఎగిరిపడుతూంటాయి. అది ఊపిరి తీస్తోంది! మెకే కొరడా పట్టుకుని స్టేజీమీద నిలబడి, తెరమీది గెర్టీకి ఆజ్ఞలు ఇచ్చేవాడు. చెప్పినమాట వినలేదని గద్దిస్తే, అంత శాల్తీ చంటిపిల్లలా ఏడుస్తుంది.

మా ఆవిడ, ‘అయ్యో పిచ్చిదానా,’ అంది. లాప్‌టాప్‌తో అంది.

బొమ్మని కదిలించడం, బొమ్మకి ప్రాణం పొయ్యడం రెండూ ఒకటి కావని మా పిల్లకి ఆ ఒక్క మాటతో తెలిసిందనుకుంటాను. మెకే తీరికగా, తన ఇష్టానికి గీసుకున్నాడు. తరవాత నెలకో రెండో సినిమాలు అందించవలసిన కార్ఖానాలొచ్చాయి. బరువు, ఊపిరి లాంటివి గీస్తూ కూర్చుంటే వాళ్ళకి సాగదు. ఎముకలు తీసేశారు. తిరిగి పెట్టుకోవడానికి డిస్నీ అంతవాడు కూడా 1932లో తన చిత్రకారులకి ఓ డ్రాయింగు మాష్టర్ని పెట్టి మనుషుల్నీ జంతువుల్నీ చూసి గీయడం నేర్పించవలసి వచ్చింది. (డ్రాయింగు మాష్టరన్న మాట నేను కావాలనే నొక్కి రాస్తున్నాను.)

అక్కణ్ణించి మా పిల్ల లాప్‌టాప్ మూసి బజార్న పడింది. పొద్దున్నే అమీర్‌పేట మెట్రో స్టేషను కింద ఓ మూల నిలబడి, నడిచేవాళ్ళ కాళ్ళు గీసేది. సాయంత్రం పంజగుట్టకి పోయి, నిమ్స్ ఆసుపత్రి దగ్గర గీసేది. నాకు పనేమీ లేదు గనక నేనూ కొన్నాళ్ళు వెంట వెళ్ళాను. నలభైఏళ్ళుగా ఆ రోడ్డుమీద తిరుగుతున్నవాణ్ణి, కాళ్ళ లెక్కన ఆ రోడ్డు చూడ్డం అదే. అమీర్‌పేట నడకంతా ముందుకి వాలి వుంటుంది. వీపున సంచీ, చెవుల్లో తీగలు, క్లాసుకి రెండు నిమిషాలు ఆలస్యం. మడమ ఆనీ ఆనకుండానే వేళ్ళు లేచిపోతాయి. ఒక్క స్టేషను దూరంలో పంజగుట్టలో నడక మారిపోతుంది. ఎక్స్‌రే కవరు పట్టుకున్న చెయ్యి వూగదు. పక్కన ముసలితల్లిని పట్టుకున్నవాడు తన అడుగు వెయ్యడు, ఆవిడ అడుగు వేస్తాడు. గేటు లోపలికి వెళ్ళేటప్పటి నడక ఒకటి, బయటికి వచ్చేటప్పటిది ఇంకొకటి. ‘భుజం చూస్తే రిపోర్టు తెలిసిపోతుంది తాతయ్యా,’ అంది పిల్ల. పందొమ్మిదేళ్ళ పిల్ల అనవలసిన మాట కాదు గాని, నిజమే.

ఓ నిమిషం సినిమాకి అది ఎన్నుకున్నది కర్రతో నడిచే మనిషిని. మొదటి పన్నెండు సెకన్లూ గీసి మాకు చూపించింది. పాత పద్ధతిలోనే, నలుపూ తెలుపూ. కాళ్ళు గొట్టాల్లా సాగుతాయి, కర్ర వానపాములా మెలి తిరుగుతుంది, మనిషి ఓపక్కకి ఒరిగి, స్ప్రింగులా లేచి, మళ్ళీ ఒరుగుతాడు. మంచి చెయ్యి, తాళం తప్పలేదు. మా ఆవిడ ముందు పకపకా నవ్వింది. రెండోసారి వేసేటప్పటికి సగంలో ఆగిపోయింది.

‘ఇది వాడి నడక కదుటే?’

పిల్ల మాట్లాడలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ‘నాకు బాగా తెలిసిన నడక అదే మామ్మా,’ అంది కాస్సేపటికి. వెక్కిరించాలని గీయలేదు. చిన్నప్పణ్ణించి వీధిచివర ఆ నడక కనపడగానే నాన్న వస్తున్నాడని గుమ్మంలోకి పరుగెత్తిన పిల్ల. కాని చెయ్యి నేర్చుకున్నది రబ్బరు గొట్టం. ప్రేమతో గీసినా ఆ గొట్టంలోంచి వెక్కిరింతే వచ్చింది.

ఈలోగా మా మేనల్లుడి ఫోను. తుంటి చూపించుకోవాలి, నిమ్స్‌కి వస్తున్నాను, రెండు రోజులుంటాను అని. పిల్ల హడలిపోయింది. ఆ పన్నెండు సెకన్లూ చెరిపేస్తానంది. అప్పుడు మాత్రం నేను అడ్డుపడ్డాను. ‘చెరపకు. ఎముకలు పెట్టు,’ అన్నాను. వారంరోజులు రాత్రిళ్ళు కూర్చుంది. మోకాలు వచ్చింది, మడమ వచ్చింది. కర్ర వంగడం మానేసింది. అడుగు వేసే ముందు మనిషి ఓ లిప్తపాటు ఆగుతాడు, నేల తనని మోస్తుందో లేదో చూసుకున్నట్టు. ఆ ఆగడం ఎల్లా పట్టిందో నాకు తెలియదు. నేను నేర్పింది కాదు.

మేనల్లుడు వచ్చాడు. ఆసుపత్రి పని అయింది. రాత్రి భోజనాల దగ్గర అతను కూతుర్ని ఏమీ అడగలేదు, నన్ను అడిగాడు. ‘ఇంతా గీస్తే దీని పేరు వేస్తారా, మామయ్యా?’

తండ్రి అడగవలసిన ప్రశ్నే. నాకు తెలిసింది చెప్పాను. ఐవర్క్స్ పేరు ‘స్టీంబోట్ విల్లీ’ మొదట్లోనే పడుతుంది. ఫెలిక్స్ పిల్లిని గీసిన ఆటో మెస్మర్ పేరు పడలేదు. కార్ఖానా యజమాని సల్లివన్ పేరే లోకానికి తెలుసు. మెస్మర్‌దే ఆ చెయ్యి అని లోకం ఒప్పుకోవడానికి దశాబ్దాలు పట్టింది. మన హైదరాబాదులోనూ ఈ పని చాలా జరిగింది. 2006లో తెలుగులో ‘కిట్టు’ అనే కోతిపిల్ల పూర్తినిడివి బొమ్మల సినిమా అయి జాతీయ బహుమతి తెచ్చుకుంది. ‘జంగిల్ బుక్’ టీవీ బొమ్మలకి 2010లో ఇక్కడి డి.క్యూ. ఎంటర్‌టైన్‌మెంట్ పనిచేసింది. ఎక్కడో గీసిన రెండు ముఖ్యమైన బొమ్మల మధ్య పది బొమ్మలు నింపే పని వందలమంది చేస్తారు. చివర్లో పేర్లు పడతాయి గాని, చదివేలోగా టీవీవాడు ప్రకటన వేసేస్తాడు.

‘అయితే కంప్యూటరు కోర్సులో మాత్రం పేరు వేస్తారా?’ అంది మా ఆవిడ వడ్డిస్తూ. వాడు నవ్వాడు.

భోజనాలయ్యాక పిల్ల తనే లాప్‌టాప్ తెచ్చి తండ్రి ముందు పెట్టింది. చేతులు వణుకుతున్నాయి. బొమ్మ నడిచింది. వాడు చూశాడు. మళ్ళీ వెయ్యమన్నాడు. మూడోసారి వెయ్యమన్నాడు. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. వాడి మొహం చూసే ధైర్యం నాకు లేక లాప్‌టాప్ వంకే చూస్తున్నాను. నాలుగోసారి అయ్యాక వాడు గొంతు సవరించుకున్నాడు.

‘కర్ర తప్పు చేతిలో పెట్టావే.’

‘ఏం నాన్నా?’

‘దెబ్బతిన్న కాలు కుడిది. కర్ర ఎడంచేత్తో పట్టుకోవాలి. అందరూ దెబ్బ తగిలిన పక్కనే పట్టుకుంటారనుకుంటారు. అల్లా పట్టుకుంటే బరువంతా ఆ కాలుమీదే పడుతుంది. కర్రా, కుంటికాలూ కలిసి వెళ్ళాలి, మంచికాలు తరవాత. ఆసుపత్రిలో మొదటిరోజున నేర్పేది అదే.’

పిల్ల తెల్లబోయింది. పదేళ్ళుగా చూస్తున్న నడక. గబగబా లోపలికి వెళ్ళి పుస్తకం, పెన్సిలు తెచ్చుకుంది. వాడు కుర్చీలోంచి లేచి, కర్ర తీసుకుని, వరండా లైటు వెయ్యమన్నాడు. వరండా చివరినుంచి గేటుదాకా నడిచాడు. అది గట్టుమీద చతికిలబడి గీస్తూ, ‘ఇంకొంచెం నెమ్మదిగా, నాన్నా,’ అంది. మళ్ళీ నడిచాడు. ‘మధ్యలో ఆగుతావే, అక్కడ ఓసారి ఆగు.’ ఆగాడు. మూడుసార్లు అల్లా తిప్పింది.

నాలుగోసారి నడవమనేసరికి, ‘మీ మామ్మని కాఫీ పెట్టమను, తాగి నడుస్తాను,’ అన్నాడు.